ఫిరంగి దళం వదిలి అక్షరాలు దిద్దించిన టాల్‌స్టాయ్

ఆఫ్రికా తీరాన ఒక ఓడ లంగరు వేసి ఉంది. ఎడారి మీదుగా వేడిగాలి వీస్తోంది. ఓడలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు ఈతకు దిగారు. పందెం వేసుకుని దూరంగా వెళ్ళిపోయారు. ఇంతలో ఓడ పైనుంచి ఎవరో సొరచేపను చూసి కేక పెట్టారు. ఆ కుర్రాళ్ళలో ఒకడి తండ్రి ఓడ మీదే ఉన్నాడు. ఫిరంగులు కాల్చడంలో చేయి తిరిగిన ముసలి సిపాయి. వెనక్కి రమ్మని గొంతు చించుకున్నా పిల్లలకు వినపడలేదు. పడవ దించారు కానీ అది చేరేలోగా చేప చేరేట్టుంది. ముసలాయన ముఖం పాలిపోయింది. పరుగున ఫిరంగి దగ్గరికి వెళ్ళి, గురి చూసి, వత్తి అంటించాడు. పేల్చాక తలెత్తి చూడలేకపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఫిరంగి పక్కనే కూలబడ్డాడు. పొగ విడిపోయేదాకా గుండు చేపకు తగిలిందో పిల్లలకు తగిలిందో ఎవరికీ తెలియదు.

పొగ విడిపోయాక సముద్రం మీద సొరచేప శవం తేలింది. పిల్లలు బతికారు.

ఈ కథ చెబితే మూడో తరగతి పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి వింటారు. ఇది ఒక వాచకంలోని పాఠం. పల్లెటూరి పిల్లలకు చదువు నేర్పడానికి లియో టాల్‌స్టాయ్ రాసిన వాచకం అది. ‘యుద్ధము-శాంతి’, ‘అన్నా కెరనినా’ రాసిన మహా రచయితగానే మనకు ఆయన తెలుసు. గాంధీగారికి గురుతుల్యుడని కూడా చదువుకున్నాం. కానీ ఆయన అయిదేళ్ళు ఫిరంగి దళంలో పనిచేశాడనీ, ఆ తరవాత జీవితంలో మూడుసార్లు బడి పెట్టాడనీ, అ ఆల పుస్తకం కోసం నవలను పక్కన పెట్టాడనీ మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

టాల్‌స్టాయ్ 1828లో మాస్కోకు దక్షిణాన తూలా దగ్గర యాస్నయా పోల్యానా అనే పల్లెలో పుట్టాడు. జమీందారీ కుటుంబం. రెండేళ్ళు నిండకుండానే తల్లి పోయింది, తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. మేనత్తలు పెంచారు. చదువు చెప్పడానికి ఇంట్లో ఒక జర్మన్ పంతులు, తరవాత ఒక ఫ్రెంచి పంతులు ఉండేవారు. ఆ కాలపు రష్యా పెద్దింటి పిల్లలకు ఫ్రెంచి రావడమే గౌరవం. రష్యన్ నౌకర్లతో మాట్లాడే భాష. ‘యుద్ధము-శాంతి’ తెరిస్తే మొదటి పుటలోనే దొరలు తమలో తాము ఫ్రెంచిలో మాట్లాడుకుంటుంటారు. పిల్లవాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే మురిసిపోయి, తెలుగు ఇంట్లో వస్తుంది కదా అని సరిపెట్టుకునే మన ఇళ్ళు ఆ పుట చదివితే గుర్తుకు రాక మానవు.

కజాన్ విశ్వవిద్యాలయంలో తూర్పు దేశాల భాషలు చదవబోయి పరీక్ష తప్పాడు. న్యాయశాస్త్రంలోకి మారి దాన్నీ మధ్యలో వదిలేసి 1847లో ఇంటికి వచ్చేశాడు. పట్టా లేదు. 1849లో తన రైతుల పిల్లల కోసం తొలిసారి బడి తెరిచాడు, అది ఎక్కువ కాలం సాగలేదు. తరవాత మాస్కోలో పేకాట, అప్పులు. 1851లో అన్న నికొలాయ్ కాకసస్ కొండల్లో ఫిరంగి దళం అధికారిగా పని చేస్తుంటే, తనూ వెంట వెళ్ళాడు. దేశభక్తితో పోయాడని చెప్పలేం. ఇంటి దగ్గర చేసుకున్న గందరగోళం నుంచి పారిపోయాడంటేనే సరిగ్గా ఉంటుంది.

ఆ కొండల్లో చెచెన్లతో రష్యా సైన్యానికి ఎడతెగని పోరు. టాల్‌స్టాయ్ తిఫ్లిస్ నగరంలో పరీక్ష రాసి, 1852 మొదట్లో ఇరవయ్యో ఫిరంగి బ్రిగేడులో చేరాడు. అధికారిగా కాదు, అట్టడుగు హోదాలో. అక్కడ సాదో అనే చెచెన్ యువకుడితో స్నేహం కుదిరింది. టాల్‌స్టాయ్ పేకాటలో ఓడి ఒక అధికారికి రాసిచ్చిన అప్పు పత్రాలను, సాదో అదే అధికారితో ఆడి గెలుచుకుని తెచ్చి ఊరికే ఇచ్చేశాడు. 1853లో ఇద్దరూ దళం కంటే ముందుగా గుర్రాల మీద పోతుంటే శత్రువులు తరిమారు. త్రుటిలో తప్పించుకున్నారు. శత్రు జాతివాడే ప్రాణమిత్రుడు కావడం టాల్‌స్టాయ్ ఎన్నడూ మరవలేదు. పందొమ్మిదేళ్ళ తరవాత పిల్లల కోసం రాసిన ‘కాకసస్ ఖైదీ’ కథకు బీజం అక్కడే పడింది. అందులో తాతార్ల చేతికి చిక్కిన రష్యన్ అధికారికి తిండి తెచ్చిపెట్టి, చివరికి పారిపోవడానికి సాయపడేది ఒక తాతార్ చిన్నపిల్ల, దీనా.

సైనికుడిగా ఆయన ధైర్యం గురించి అనుమానం లేదు గాని, క్రమశిక్షణ అంతంతమాత్రం. జార్జి పతకం కావాలని ఎంతో ఆశపడ్డాడు. ఒకసారి చదరంగంలో మునిగిపోయి కాపలా పని మరిచాడు. పతకాలు పంచే రోజున ఆయన నిర్బంధంలో ఉన్నాడు. మరోసారి, ఆ పతకం ఉంటే సాధారణ సిపాయికి జీవితాంతం పింఛను వస్తుందని తెలిసి, ఒక వృద్ధ సిపాయికి వదిలేశాడు.

కాకసస్‌లో ఉన్నప్పుడే తొలి పుస్తకం ‘బాల్యం’ పూర్తి చేశాడు. పేరు పెట్టకుండా పొడి అక్షరాలతో పీటర్స్‌బర్గ్‌లోని ‘సమకాలికుడు’ పత్రికకు పంపితే 1852లో అచ్చయింది. సంపాదకుడు శీర్షిక మార్చాడని ఆయనకు కోపం వచ్చింది. పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయేది ఆ జర్మన్ పంతులు పాత్రే. ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో చదువు చెప్పి, పిల్లలు ఎదిగాక ఇక అవసరం లేదనిపించుకున్న మనిషి అతను.

1854లో అధికారి హోదా వచ్చింది. రష్యాకు టర్కీ, బ్రిటన్, ఫ్రాన్సులతో యుద్ధం మొదలైంది. మొదట డాన్యూబ్ నది దగ్గర పని చేసి, కోరి సెవస్తోపోల్‌కు బదిలీ చేయించుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులో తోటి అధికారులతో కలిసి సిపాయిల కోసం చవకగా ఒక పత్రిక పెట్టాలనుకున్నారు. సిపాయిలకు అర్థమయ్యే భాషలో సంగతులు, వీరుల కథలు అందులో రావాలి. నమూనా సంచిక తయారు చేసి పంపారు. మొదటి నికొలాయ్ చక్రవర్తి ఒప్పుకోలేదు. రాసేదేదో సర్కారీ సైనిక పత్రికకే రాయమన్నాడు. ఈలోగా పుట్టిన ఇంటిని, యాస్నయా పోల్యానాలోని పెద్ద భవనాన్ని, అమ్మేయమని టాల్‌స్టాయ్ కబురు చేశాడు. కొన్నవాళ్ళు దాన్ని విప్పి మోసుకుపోయారు. ఆ డబ్బు మళ్ళీ పేకాటలో పోయింది. బడుల గురించి, నీతి గురించి ఆయన తరవాత రాసినవి చదివేటప్పుడు ఈ సంగతి కూడా పక్కన ఉండాలి.

సెవస్తోపోల్ ముట్టడి పదకొండు నెలలు సాగింది. 1855 వసంతంలో ఆయనకు నాలుగో బురుజు మీద పని పడింది. ఫ్రెంచివాళ్ళ కందకాలకు చాలా దగ్గరగా ఉన్న బురుజు అది. అన్నిటికంటే ఎక్కువ గుండ్లు పడిన చోటు. వంతుల ప్రకారం రోజుల తరబడి అక్కడే ఉండాలి. ఆ బురుజు మీద ఉన్న రోజుల్లోనే ‘డిసెంబరులో సెవస్తోపోల్’ రాశాడు. అందులో పాఠకుణ్ణి చేయి పట్టుకుని తీసుకుపోయినట్టు నగరమంతా తిప్పుతాడు. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళున్న ఆసుపత్రి చూపిస్తాడు, బురుజు మీద సిపాయిలు నవ్వుతూ మాట్లాడుకోవడం చూపిస్తాడు. కొత్త చక్రవర్తి రెండో అలెగ్జాండర్ చదివి మెచ్చుకుని ఫ్రెంచిలోకి అనువదించమన్నాడు.

రెండోది, ‘మే నెలలో సెవస్తోపోల్’ మాత్రం ఏలినవారికి మింగుడు పడలేదు. అధికారులు పతకాల కోసం పడే పాట్లు, తాము భయపడలేదని చూపించుకునే తంటాలు, పక్కవాడు చస్తే లోలోపల కలిగే ఊరట, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాశాడు. తన కథలో నాయకుడు ఎవరూ కాదు, సత్యమేనని చెప్పుకున్నాడు. తనిఖీ అధికారులు దాన్ని ముక్కలు చేసి, ఇష్టం వచ్చిన వాక్యాలు చేర్చారు. రచయిత పేరు లేకుండానే అచ్చయింది. మూడో భాగం 1856 జనవరిలో పూర్తి పేరుతో వచ్చింది.

1855 సెప్టెంబరులో నగరం పడిపోయింది. ఆ చివరి దాడి గురించి ఫిరంగి దళం అధికారులంతా నివేదికలు రాసి పంపితే, వాటన్నిటినీ కలిపి ఒక్క నివేదికగా కూర్చే పని టాల్‌స్టాయ్‌కి అప్పజెప్పారు. పై అధికారి అడిగాడు కాబట్టి, ఎవరూ కళ్ళారా చూడనివి కూడా చూసినట్టు రాసి ఇచ్చారు. ఆ కాగితాల కట్టను ఆయన జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. యుద్ధ చరిత్రలు ఎలా తయారవుతాయో అప్పుడే తెలిసిందని తరవాత తనే రాశాడు. ‘యుద్ధము-శాంతి’లో తూషిన్ అనే ఫిరంగి దళం కెప్టెన్ ఉన్నాడు. పొట్టివాడు, బెరుకు మనిషి. బూట్లు లేకుండా పై అధికారి కంటబడి చీవాట్లు తింటాడు. యుద్ధంలో అతని నాలుగు ఫిరంగులే సైన్యాన్ని కాపాడతాయి. ఆ సంగతి ఏ నివేదికలోనూ ఉండదు. పైగా రెండు ఫిరంగులు ఎందుకు వదిలేసి వచ్చావని నిలదీస్తారు. ఎదురు చెప్పలేక, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడిపోతాడు. నాకు ఆ నవల మొత్తంలో బాగా నచ్చిన మనిషి అతనే.

ఓటమి మీద సిపాయిలు పాడుకున్న ఒక ఎగతాళి పాటలో టాల్‌స్టాయ్ చేయి ఉందని అందరికీ తెలిసిపోయింది. సైన్యంలో పైకి వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. 1856 చివర్లో లెఫ్టినెంటుగా ఉద్యోగం వదిలేశాడు.

1859లో మళ్ళీ బడి. ఈసారి గట్టిగా పట్టుకున్నాడు. తనకు తెలిసింది చాలదనుకుని 1860, 61లలో జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్, బెల్జియం తిరిగి అక్కడి బడులు చూశాడు. జర్మనీ బడుల్లో బెత్తం, బట్టీ, భయం చూసి బెంబేలెత్తాడు. మార్సే నగరంలో మరో వింత గమనించాడు. బడిలో ప్రశ్నలడిగితే నోరు విప్పని పిల్లలున్న ఊళ్ళో జనం తెలివిగానే ఉన్నారు. చవక నవలలు, నాటకాలు, వీధి కబుర్లు, ఇవే వాళ్ళకు అసలు చదువు చెబుతున్నాయని అనుకున్నాడు. ఆ ప్రయాణంలోనే అన్న నికొలాయ్ క్షయతో చనిపోయాడు.

తిరిగి వచ్చాక యాస్నయా పోల్యానా బడి మంచి ఊపులో నడిచింది. పొద్దున్నే గంట కొడతారు. మంచులో పడుతూ లేస్తూ పిల్లలు వస్తారు. చేతిలో పుస్తకం ఉండదు, ఇంటి పని ఉండదు, నిన్నటి పాఠం అప్పజెప్పాలన్న బెంగ ఉండదు. బల్ల మీద, కిటికీ మీద, నేల మీద, ఎవరికి ఇష్టమైన చోట వాళ్ళు కూర్చుంటారు. పాఠం నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. దండన లేదు. 1862లో తన ఊరి పేరుతోనే ఒక మాసపత్రిక పెట్టి, ఏది కుదిరిందో ఏది కుదరలేదో దాపరికం లేకుండా రాశాడు. ఒక్క గదిలో రెండు మూడు తరగతులు నడిపే మనలాంటి పంతుళ్ళకు ఇది చదివితే కొంచెం ఈర్ష్య, కొంచెం చిరాకు కలగడం సహజం. ఆయనకు పబ్లిక్ పరీక్ష లేదు, తనిఖీకి వచ్చే విద్యాధికారి లేడు, నెల జీతం మీద బతకాల్సిన పని లేదు. అయినా ఒక రాత్రి జరిగిన సంగతి ఆయన రాసింది మాత్రం ఏ పంతులూ మరిచిపోలేడు.

చలికాలం. సాయంత్రం గొగోల్ రాసిన దయ్యం కథ చదివాక, ముగ్గురు పిల్లల్ని ఇళ్ళకు దిగబెట్టడానికి బయల్దేరాడు. చీకటి. తోడేళ్ళున్న అడవి అంచుకు వెళదామని పిల్లలే అడిగారు. దారిలో కాకసస్ కథలు చెప్పమన్నారు. తను సైనికుడిగా ఉన్నప్పుడు విన్నవీ చూసినవీ చెప్పాడు. హాజీ మురాద్ అనే వీరుడి కథ కూడా చెప్పాడు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు పాట పాడి చచ్చిపోయిన ఒక కొండజాతి మనిషి సంగతి వచ్చింది. ఫెద్కా అనే పదేళ్ళవాడు నడుస్తూ నడుస్తూ పంతులుగారి వేళ్ళు పట్టుకున్నాడు. చావబోతూ ఎందుకు పాడాడు అన్న దగ్గర మొదలై, అసలు పాట ఎందుకు నేర్చుకోవాలి, బొమ్మలు ఎందుకు గీయాలి, తోటలోని చెట్టు దేనికి పనికొస్తుంది అని ముగ్గురూ అడగసాగారు. చెట్టును కొట్టి కలపగా వాడుకోవడం ఒక్కటే కాదు, ఊరికే చూడ్డానికి కూడా బాగుంటుందని పిల్లలే తేల్చుకున్నారు. వీళ్ళకు నేను రాయడం నేర్పాలా, వీళ్ళ దగ్గర నేను నేర్చుకోవాలా అని ఆయన ఒక వ్యాసమే రాశాడు. ఆ ఫెద్కాతో కలిసి కూర్చుని కథ రాసి, కుర్రవాడి ఊహ తన ఊహ కంటే నికార్సయిందని ఒప్పుకున్నాడు.

1862 వేసవిలో ఆయన ఊళ్ళో లేనప్పుడు పోలీసులు వచ్చి ఇల్లూ బడీ రెండు రోజులు సోదా చేశారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా రహస్యంగా ఏదో అచ్చు వేస్తున్నారని అనుమానం. ఏమీ దొరకలేదు. ఆయన మనసు మాత్రం విరిగిపోయింది. ఆ సెప్టెంబరులోనే సోఫియాతో పెళ్ళయింది. బడి మూతపడింది, పత్రిక ఆగింది. నిజం చెప్పుకోవాలంటే పోలీసులు ఒక కారణమైతే, కొత్త సంసారం, మొదలుపెట్టబోయే పెద్ద నవల మరో కారణం. పల్లెటూరి పిల్లలకు ఆ తేడా తెలియదు. వాళ్ళకు బడి లేకుండా పోయింది, అంతే.

‘యుద్ధము-శాంతి’ 1869లో పూర్తయింది. ఆ రాతప్రతిని సోఫియా ఎన్నిసార్లు శుద్ధప్రతి రాసి ఇచ్చిందో లెక్క లేదు. ఆ మధ్యలో, 1866లో, పై అధికారిని కొట్టిన ఒక సిపాయి తరపున సైనిక న్యాయస్థానంలో టాల్‌స్టాయ్ వాదించాడు. గెలవలేదు. సిపాయిని కాల్చి చంపారు. ఆ వాదన చేతకానిదైందని ముసలితనంలో కూడా బాధపడ్డాడు.

ఇక వాచకం దగ్గరికి వద్దాం. అంత నవల రాశాక జనం మరో నవల కోసం చూస్తుంటే, ఆయన గ్రీకు భాష నేర్చుకుని ఈసపు కథలు అనువదించాడు. అరబ్బు కథలు, మన దేశపు కథలు వెతికాడు. 1872లో నాలుగు భాగాల అక్షరమాల పుస్తకం వెలువడింది. అక్షరాలు, లెక్కలు, నీతికథలు, ప్రకృతి పాఠాలు, పంతుళ్ళకు సూచనలు, అన్నీ అందులోనే. మన పెద్ద బాలశిక్ష లాంటిదన్నమాట. ఏనుగును తలో చోట తడిమి చూసి తలో మాట చెప్పిన గుడ్డివాళ్ళ కథ అందులో ఉంది. చేపల్ని మోసం చేసిన కొంగ, కొంగ మెడ కొరికిన ఎండ్రకాయ మన పంచతంత్రం నుంచి వెళ్ళినవే. ఒక్కో వాక్యం ఎన్నోసార్లు తిరగరాశాడు. మాట తక్కువ, అర్థం సూటి. చక్రవర్తి పిల్లలూ రైతుల పిల్లలూ ఇదే పుస్తకంతో అక్షరాలు నేర్చుకుంటే తను హాయిగా కన్ను మూస్తానని బంధువుకు ఉత్తరం రాశాడు. పుస్తకం తయారవుతుండగానే ఇంట్లో మూడోసారి బడి పెట్టాడు. భార్యా పెద్ద పిల్లలూ కూడా పాఠాలు చెప్పారు.

పుస్తకం మొదట సరిగ్గా పోలేదు. ధర ఎక్కువ, పండితులు తప్పులు పట్టారు. ధ్వనుల పద్ధతి మంచిదా, ఆయన చెప్పే గుణింతాల వంటి పద్ధతి మంచిదా అన్న రగడ మాస్కో అక్షరాస్యతా సంఘం దాకా వెళ్ళింది. 1874లో రెండు బడుల్లో రెండు పద్ధతులతో ఏడు వారాలు చెప్పించి పరీక్ష పెట్టారు. సంఘం ఒక మాట మీదికి రాలేదు. టాల్‌స్టాయ్ మళ్ళీ కూర్చుని, అప్పటికే అచ్చుకు ఇచ్చిన ‘అన్నా కెరనినా’ను పక్కన పెట్టి, 1875లో చవక ధరకు ‘కొత్త అక్షరమాల’ తెచ్చాడు. ఏ పద్ధతి పంతులైనా వాడుకునేలా కూర్చాడు. అది ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అచ్చయింది.

అందులో ఫిలిపోక్ అనే చిన్నవాడి కథ ఉంది. బడి వయసు రాలేదని వాళ్ళమ్మ ఇంట్లో ఉంచేస్తుంది. వాడు నాన్న టోపీ పెట్టుకుని ఒక్కడే బయల్దేరతాడు. దారిలో కుక్కలు తరుముతాయి. బడి గుమ్మం దగ్గరికి వచ్చాక భయం. లోపలికి వెళ్ళాక పంతులు అడిగితే నోట మాట రాదు, ఏడుపే వస్తుంది. ఎవరి తాలూకు పిల్లాడో తోటి పిల్లలు చెబుతారు. పంతులు వాడి తల నిమిరి కూర్చోబెడతాడు. అక్షరాలు వచ్చా అంటే, వాడు తన పేరును వచ్చీ రాని ఉచ్చారణతో కూడబలికి చెబుతాడు. అందరూ నవ్వుతారు. పంతులు మాత్రం బాగుందంటాడు. జూన్‌లో ఒకటో తరగతి గుమ్మం దగ్గర నిలబడే ప్రతి పంతులమ్మకూ ఆ పిల్లవాడు తెలుసు.

యాభై దాటాక టాల్‌స్టాయ్ మనిషే మారిపోయాడు. ఒకప్పుడు పతకం కోసం తపించిన ఫిరంగి అధికారి, ఏ ప్రభుత్వం కోసమూ ఆయుధం పట్టడం తప్పని రాశాడు. ఆ పుస్తకం దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీ చేతిలో పడింది. 1908లో తారక్‌నాథ్ దాస్ అనే భారతీయ విప్లవకారుడికి ఆయన రాసిన దీర్ఘ లేఖలో తిరుక్కురళ్ ప్రస్తావన ఉంది. గాంధీ ఆ లేఖను గుజరాతీలోకి మార్చి తన పత్రికలో వేశాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. పిల్లలతో నడుస్తూ ఆ రాత్రి చెప్పిన హాజీ మురాద్ కథను వృద్ధాప్యంలో నవలగా రాశాడు. అచ్చులో చూసుకోలేదు. ఇంట్లో భార్యతో గొడవలు ముదిరి, 1910లో ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. నవంబరు 20న అస్తాపొవో అనే చిన్న రైల్వే స్టేషనులో, స్టేషను మాస్టరు ఇంట్లో చనిపోయాడు. ఎనభై రెండేళ్ళు.

అదే ఏడాది మధ్యలో జొహానెస్‌బర్గ్‌కు ఇరవై ఒక్క మైళ్ళ దూరంలో, కాలన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో, సత్యాగ్రహుల కుటుంబాల కోసం గాంధీ ‘టాల్‌స్టాయ్ ఫారం’ ప్రారంభించాడు. అక్కడ గుజరాత్, తమిళనాడు, ఉత్తర భారతం వాళ్ళతో పాటు ఆంధ్రదేశం వాళ్ళు కూడా ఉన్నారని ఆయనే రాశాడు. ఫారంలో పిల్లలకు బడి పెట్టారు. పొద్దున పొలం పని, మధ్యాహ్నం చదువు. ఎవరి భాషలో వాళ్ళకు చెప్పాలని నియమం పెట్టుకున్నారు. తమిళం కొద్దిగానే వచ్చినా గాంధీ తనే తమిళ పిల్లలకు పాఠం చెప్పాడు. నేర్పదలచిన భాషలుగా ఆయన ఆత్మకథలో హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు.